ఆదివారం పడిన రాయి

మాదాపూర్ గురించి రాసినవాళ్లెవరూ ఇంతవరకు నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కొండరాళ్ల మధ్య మొదటి కంప్యూటర్ గది ఎవరు తెరిచారో, గుండ్రటి అద్దాల భవనం పైకి లేస్తున్నప్పుడు దాని ముందు ఎవరెవరు ఫోటో దిగారో, అంతా అచ్చయింది. ఆ ప్రాంతం మీద జ్ఞాపకాల సంచిక ఒకటి వేస్తున్నారని తెలిసి నేనే ఫోన్ చేశాను.

"మీరు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశారు సార్?" అని అడిగింది అవతలి గొంతు.

"సాఫ్ట్‌వేర్ కాదు. గనుల్లో ఖనిజం మోసే కన్వేయర్ బెల్టులు డిజైన్ చేసేవాళ్లం. మాదాపూర్‌లోనే."

"మాదాపూర్‌లో గనులా సార్?"

"గనులు బళ్లారి వైపు. ఆఫీసు మాదాపూర్‌లో."

"ఓ... కనుక్కుని చెప్తాం సార్."

కనుక్కోలేదు. చెప్పలేదు. అందుకని నేనే రాస్తున్నాను. నాకు వాళ్ల సంచికలో చోటు అక్కర్లేదు. తొంభైల చివర ఒక సోమవారం ఉదయం, అందరి ముందు, నేను దొంగ కొలత చూపించానని ఒక మనిషి అన్నాడు. ఇంజనీరుకు ఉన్నదల్లా అతని కొలత మీద నలుగురికీ ఉండే నమ్మకం. దాన్ని ఆ పూట తీసేసుకున్నారు, మళ్లీ తిరిగి ఇవ్వలేదు. ఆ మాట తప్పని నాకు తెలుసు. అన్న మనిషికి కూడా తెలుసని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మా ఆఫీసు ఒక రెండంతస్తుల ఇల్లు. కింద డ్రాయింగ్ బల్లలు, పైన రెండు కంప్యూటర్లు, వెనక రాళ్లగుట్టకు ఆనుకుని పెద్ద పెరడు. చుట్టూ సీతాఫలం పొదలు. రోడ్డు అవతల పునాదుల కోసం రాళ్లు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈల వేసేవాళ్లు, ఎర్ర జెండా ఊపి బండ్లు ఆపేవాళ్లు, తర్వాత నేల కింద నుంచి ఒక గుద్దు వచ్చేది. కిటికీ అద్దాలు గిలగిలలాడేవి. బల్ల మీద టీ గ్లాసులో గుండ్రంగా అలలు లేచేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. మేము గ్లాసు మీద చెయ్యి పెట్టుకుని పని చేసుకునేవాళ్లం.

మా మేనేజరు భీమవరం వైపు మనిషి. ఎవర్నీ నువ్వు అనడు. ఎంత చేదు మాటనైనా 'అండీ'తో కడిగి చేతిలో పెడతాడు. నాది అనంతపురం జిల్లా. మా వైపు కోపం కోపంలాగే వస్తుంది. ఆయన నన్ను "మాస్టారూ" అనేవాడు. మొదట గౌరవం అనుకున్నాను.

ఇనుప ఖనిజం గనికి ఒక బెల్టు డిజైన్ చెయ్యాల్సి వచ్చింది. బెల్టు పొడవూ మోటారు బలమూ ఎవరైనా లెక్క కట్టగలరు. చిక్కంతా ఖనిజం వచ్చి పడే చోటే. పై నుంచి ఇనుప దోనెలోంచి రాళ్లు జారి బెల్టు మీద పడతాయి. ఆ దోనెను చూట్ అంటాం. బెల్టు కింద రోలర్లు ఉంటాయి, రోలర్లను మోసే ఫ్రేములు ఉంటాయి. పడే రాయి దెబ్బ చివరికి ఆ ఫ్రేము నడుము మీదికి చేరుతుంది. ఆ దెబ్బ ఎంతని ముందే ఊహించి చెప్పాలి. రాయి బరువొక్కటే చూస్తే చాలదు, ఎంత ఎత్తు నుంచి పడిందో చూడాలి. పడిన చోటు ఎంత లొంగిందో కూడా చూడాలి. మెత్తగా లొంగే చోట దెబ్బ చిన్నది. లొంగని చోట అదే రాయి అంతకంతకూ పెద్ద దెబ్బ అవుతుంది. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరకముందే తెలుసు.

మా ఆఫీసుకు ఒక అలవాటుండేది. కొత్త పని రాగానే పాత పని డ్రాయింగు బయటికి తీసేవాళ్లం. పొడవులు మార్చి, మూలన పేరు మార్చి పంపేవాళ్లం. గడువులు దగ్గర, మనుషులు తక్కువ. ఈ ఇనుప గని పనికి బయటికి వచ్చిన పాత డ్రాయింగు ఒక బొగ్గు బెల్టుది. బొగ్గు పెళ్లకు వేసిన ఫ్రేమే ఇనుప రాయికీ దిగింది. అంతే పరిమాణంలో ఇనుప రాయి మూడింతలకు పైగా బరువు ఉంటుంది.

ఈ మాట చెప్పడానికి మేనేజరు గదిలోకి వెళ్లాను.

"చూశాను మాస్టారూ, లెక్కలో కొంచెం పెంచాం కదండీ" అన్నాడు.

"రాయి కొలత ఎట్ల తీసుకున్నారు సార్?"

"గనివాళ్లు ఇచ్చిందేనండీ. రాయి ముందు జల్లెడ కడ్డీల మధ్య నుంచి కిందికి పడుతుంది కదా. ఆ కడ్డీల సందు ఎంతో అంత రాయి. అంతకన్నా పెద్దది దిగదు."

"పొడుగు పలక నిలువుగా దిగుతుంది సార్. సందు పలక మందమంత ఉంటే చాలు, మనిషంత పొడుగున్నా జారిపోతుంది. మనం నాలుగు వైపులా సమానంగా ఉండే రాయి అనుకుని లెక్క కట్టినాం."

ఆయన నవ్వాడు. "మీ అనంతపురంలో రాళ్లు నిలబడి నడుస్తాయేమో గానీ మాస్టారూ..."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొలిచి చూపిస్తానన్నాను. ఆయనకు ఏమనిపించిందో, "చూపించండి, ఎవరొద్దన్నారు? పెరడు ఖాళీగానే ఉందిగా" అన్నాడు.

బాలానగర్ వర్క్‌షాపులో ఆ పాత డ్రాయింగు ప్రకారమే రెండు ఫ్రేములు చేయించాను. పెరట్లో రోలర్లతో సహా నిలబెట్టి, వాటి మీదుగా కురచ బెల్టు ముక్క ఒకటి బిగించాను. పైన మూడు పైపుల ముక్కాలి, దానికి రాయిని పైకి లాగే గొలుసు కప్పీ, కొక్కెం. కొక్కేనికి ఒక పిన్ను. దూరం నుంచి తాడు లాగితే పిన్ను ఊడి రాయి పడుతుంది.

దెబ్బకు ఫ్రేము ఎంత వంగిందో కొలిచే పరికరం మా దగ్గర లేదు. అడిగితే కొనలేదు. అందుకని కిటికీ అద్దాలు కదలకుండా వడ్రంగులు పెట్టే లప్పం తెచ్చుకున్నాను. సుద్దపొడిలో అవిసె నూనె పోసి పిసికితే వచ్చే ముద్ద. ఫ్రేము నడుముకు కింద ఇనుప పలక వేసి, ఆ రెంటి మధ్య లప్పం ముద్ద పైకీ కిందికీ తాకేలా పెట్టేవాణ్ణి. రాయి పడగానే ఫ్రేము కిందికి వంగి లేస్తుంది. మనిషి కన్ను దాన్ని పట్టుకోలేదు. లప్పం పట్టుకుంటుంది. ఎంత లోతుకు వంగిందో అంత మేరా అణిగి, అలాగే ఉండిపోతుంది. తర్వాత ఆ ముద్ద మందం కొలుస్తాను. ముద్ద ఎక్కడ పెట్టాలో మారిపోకుండా ఒక ఫ్రేము నడుము కింద సుత్తి, పంచ్‌తో మూడు చుక్కలు గుద్దుకున్నాను.

నా వేళ్లకు ఎప్పుడూ అవిసె నూనె వాసనే. భోజనం డబ్బా మూత తెరిచినా అదే వాసన. పైన కంప్యూటర్ మీద బొమ్మలు గీసే అమ్మాయి చందానగర్ నుంచి నాతోపాటే బస్సులో వచ్చేది. కిటికీ పక్క సీటు నాకు వదిలేసి, "ఏమనుకోకండి సార్, తల తిరుగుతోంది" అనేది. ఆఫీసులో నాకు "లప్పం సారు" అని పేరు పడింది. పెట్టింది మేనేజరే. విన్నాను. మర్చిపోలేదు.

రాళ్లకు కొదవేముంది? అవతల పేల్చినవే ఏరుకున్నాం. మా లెక్క ప్రకారం రావలసిన వంపు కన్నా ఎక్కువే వచ్చేది ప్రతి దెబ్బకూ. ముద్ద సగానికి అణిగేది. "గ్రానైటు రాయి వేరండీ, ఖనిజం వేరండీ" అనేవాడు మేనేజరు. గ్రానైటు ఇంకా తేలిక అని చెబితే, "అదేనండీ నేననేదీ, వేరని" అనేవాడు.

ఒకరోజు పేలుడు తర్వాత చూస్తే పెరటి గోడ పక్కన ఒక పలక ఉంది. గుట్ట మీంచి జారి గోడ విరిగిన చోటు నుంచి లోపలికి వచ్చినట్టుంది. నా భుజాల ఎత్తు. జానెడు మందం. పడి ఉండాల్సింది నిలబడి ఉంది. గోడకు వీపు ఆనించి, కొంచెం తల వంచి, ముక్కాలి వైపు చూస్తున్నట్టు నిలబడి ఉంది. వాచ్‌మన్ మెదక్ వైపు పెద్దమనిషి. పొద్దున్నే చీపురు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు.

"ఏంది సార్ గిది? ఎవరో మనిషి నిలబడ్డడు అనుకున్న. 'ఎవలు బే' అని గుడ్క అన్న."

"పలికిందా?" అన్నాను.

"మీకు మజాక్ అయితున్నది సార్. జర దాన్ని పండబెట్టియ్యుండ్రి. రాయి పండాలె గని నిలబడొద్దు."

నాకు మాత్రం అది దొరికిన నిధిలా ఉంది. నేను చెబుతున్న పొడుగు పలక అదే. శనివారం దాన్ని ఎత్తించి పడేద్దామని కూలీలను మాట్లాడాను. మేనేజరు మెట్ల మీద నుంచే చెయ్యి ఊపాడు. "ఇవాళొద్దండీ. మన వాచ్‌మన్ కాళ్లూ చేతులూ మనకు కావాలి. సోమవారం చూద్దాం."

శనివారం సాయంత్రం కొత్త లప్పం పిసికి, ముద్ద చేసి, మూడు చుక్కల కింద పెట్టాను. రెండు రోజులు కాస్త గట్టిపడితే కొలత ఇంకా నిఖార్సుగా వస్తుందని నా ఆలోచన. గాలి తగలకుండా తడి గోనె కప్పాను. కప్పీ గొలుసును పైకి లాగి, కొక్కేన్ని పైపుకు తాడుతో కట్టేశాను. ఆ ముడి మా నాయన నేర్పింది. ఎద్దు గుంజినా జారదు. దాన్ని విప్పాలంటే తెలిసిన చెయ్యి కావాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

సోమవారం నేనే అందరికన్నా ముందు వెళ్లాను. వాచ్‌మన్ గేటు తీస్తూ నా మొహం చూడలేదు.

"సార్, నిన్న ఐతారం వచ్చిండ్రా మీరు?"

"లేదు. ఎందుకు?"

"ఎవలు రాలే. గేటుకు తాళం నేనే ఏసిన. ఐతారం బ్లాస్టింగ్ బంద్ ఉంటది కదా. పగటీలి అన్నం తిని జర ఒరిగిన. ధబ్బున ఒక్కటే సప్పుడు. ఒక్కటే. నా పెయ్యి అంత గిట్ల అదిరింది. ఉరికొచ్చి సూస్తే ఏం లేదు సార్. మనిషి లేడు, పడ్డ రాయి లేదు. బెల్టు పట్టా మాత్రం ఇంక ఊగుతనే ఉండె."

పెరట్లోకి వెళ్లాను. పలక తన చోటులోనే నిలబడి ఉంది. ముక్కాలి కదల్లేదు. కొక్కెం నేను కట్టిన చోటే ఉంది, ముడి నాదే. గోనె కప్పినట్టే ఉంది. బెల్టు మీద శనివారం నుంచి పేరుకున్న తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో నడిమధ్య పొడుగ్గా, సన్నగా ఒక జాగా తుడిచేసినట్టు నల్లగా ఉంది. మనిషి పడుకుని లేచి వెళ్లిన చాపలా ఉంది.

గోనె ఎత్తి కింద చెయ్యి పెట్టాను. లప్పం ముద్ద లేదు. ఉన్నది ఒక బిళ్ల. టీలో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్టంత మందం. అంతవరకు నేను పడేసిన ఏ రాయీ దాన్ని అంత పలచగా అణచలేదు. పలక పడితే ఇంత రావాలని శుక్రవారం నేను లెక్క కట్టుకున్నాను. కొలిస్తే అంతే ఉంది. నా ఒళ్లు జలదరించిందంటే భయంతో అని మీరనుకోవచ్చు. మొదట సంతోషంతోనే. భయం తర్వాత వచ్చింది.

ఆ బిళ్లను అరచేతిలో పెట్టుకుని లోపలికి వెళ్లాను. అందరూ అప్పుడే వస్తున్నారు. మేనేజరు నిలబడే విన్నాడు. తర్వాత పెరట్లోకి వచ్చి, పంచె కట్టుకున్నవాడిలా ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని కూర్చుని ఫ్రేము కింద చూశాడు. ఒక ఉక్కు స్కేలు తెప్పించి ఫ్రేము నడుముకు ఆనించాడు. వెలుతురు దూరడానికి సందు లేదు. ఫ్రేము బాణంలా తిన్నగా ఉంది.

"మాస్టారూ, లప్పం ఇంతగా అణిగిందంటే ఫ్రేము ఇంత వంగాలి కదండీ?"

"అవును సార్."

"ఇంత వంగితే మళ్లీ లేవదు కదండీ? వంకర అలాగే ఉండిపోతుంది. ఆ మాట మీరే చెప్పారు మొన్న."

"అవును సార్."

"మరి ఫ్రేము వంగలేదేమండీ?"

స్కేలు తీసుకుని నేనూ ఆనించి చూశాను. వంగలేదు.

ఆయన బిళ్లను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. అంచుల మీద వేలిముద్రలు. పిసికింది నేను. నా వేలిముద్రలు కాక ఇంకెవరివి ఉంటాయి? "చూడండమ్మా" అని మెట్ల మీద నిలబడ్డ అమ్మాయికి చూపించాడు. "ఎవరి వేళ్లండీ ఇవి? రాయికి వేళ్లుంటాయా?"

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. మిగతావాళ్లు నవ్వారు.

"నేను నొక్కినానంటారా సార్?"

"నేనెందుకంటానండీ? లప్పమే అంటోంది."

"వాచ్‌మన్‌ను అడగండి. సప్పుడు విన్నాడు."

వాచ్‌మన్‌ను పిలిచారు. ఆయన చీపురు కింద పెట్టలేదు. నా వైపు చూడలేదు. "నాకు ఎరుక లేదు సార్. నేను పండుకున్న" అన్నాడు. ఆయన ఉద్యోగం ఆయనకు కావాలి, నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు.

పలకను అప్పుడే, అందరి ముందే పడేసి చూద్దామన్నాను. వద్దన్నాడు. బతిమాలాను. అదొక్కటే నేను బతిమాలడం. "పెరడు ఖాళీ చేయించండి. కొలత దిద్దుకునే మనిషి చేతికి డ్రాయింగు ఎలా ఇవ్వమంటారండీ?" అన్నాడు. ముక్కాలి ఊడదీశారు. మా ఆఫీసులో ఏదీ పారేయరు కాబట్టి ఆ రెండు ఫ్రేములకూ రంగు వేసి గనికి వెళ్లే సరుకులో కలిపేశారు. బొగ్గు ఫ్రేము డ్రాయింగు వెళ్లిపోయింది. సరిచూసిన వాళ్ల గడిలో నేను సంతకం పెట్టలేదు. ఎవరూ పెట్టమని అడగలేదు కూడా. అది ఇంకా అవమానం.

లప్పం బిళ్లను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాను. ఎండి, రాయిలా గట్టిపడింది. వాసన పోలేదు.

ఆ తర్వాతే పెరట్లోంచి చప్పుడు రావడం మొదలైంది. మధ్యాహ్నం ఈల వేయకముందు, జెండా ఊపకముందు, ఒక్కటే గుద్దు. పేలుడుకు టీలో అలలు అంచు నుంచి మధ్యకు వచ్చేవి. ఈ గుద్దుకు మధ్య నుంచి అంచుకు వెళ్లేవి. కిటికీలోంచి చూస్తే ఖాళీ పెరడు, గోడకు ఆనుకున్న పలక. అంతే. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఒక పేరు పెట్టేవాళ్లు.

ఒకరోజు బస్సులో ఆ అమ్మాయే అడిగింది. "సార్, మధ్యాహ్నం మీరు గ్లాసు మీద ముందే చెయ్యి పెడతారేం? ఇంకా ఈల కూడా వెయ్యరు."

"నీకు వినపడదా అమ్మా?"

ఆమె అవతలి కిటికీ వైపు తిరిగింది. "కాంప్రెసర్ అయ్యుంటుంది సార్" అంది. బస్సు దిగేముందు, "నేను కీబోర్డు మీంచి చేతులు తీసేస్తాను అప్పుడు" అంది.

గనిలో బెల్టు తిరగడం మొదలైంది. కొంతకాలానికి ఒక మధ్యాహ్నం బళ్లారి వైపు లారీ ఒకటి మా గేటు ముందు ఆగింది. ఒకే ఒక ఫ్రేము తెచ్చింది. గనివాళ్లు వెనక్కి పంపారు. పెరట్లో దించారు. ఎక్కడ దించమని ఎవరూ చెప్పలేదు. కూలీలు తీసుకెళ్లి సరిగ్గా ముక్కాలి ఉన్న చోటే, ఆ పాత ఇనుప పలక మీదే పెట్టారు. ఫ్రేము నడుము కిందికి వంగి ఉంది.

డ్రైవరు మా వైపు మనిషే. మాట వినగానే తెలిసింది.

"యాం జరిగిందప్పా?" అన్నాను.

"నేను చూల్యా సామీ. ఆడుండేటోళ్లు చెప్పినారు. ఆదివారం బెల్టు నిలిపేసినారంట. ఒకాయప్ప రోజూ దీని కిందే కూచోని రాలిన మట్టి గీకుతాంటాడు. ఆ పొద్దు నీళ్లు తాగను పోయినాడు. ధబ్బుమని ఒకటే సప్పుడంట. ఉరుక్కుంటా వచ్చి చూస్తే మనిసంత పలక ఒకటి బెల్టు మింద పండుకోనుంది. యాడ్నుంచి పడిందో తెలీదు. చూట్‌లో యాడన్నా ఇరుక్కోనుండి జారిందేమో అంటారు. బెల్టు ఇంకా ఊగతానే ఉన్నిందంట."

వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి వింటున్నాడు. మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

నేను పైకి వెళ్లి సొరుగులోంచి లప్పం బిళ్ల తెచ్చాను. మేనేజరు పెరట్లోకి దిగాడు. అమ్మాయి మెట్ల మీదికి వచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఫ్రేము కింద చెయ్యి పెట్టి తడిమాను. కొత్త రంగు కింద మూడు చుక్కలు వేలికి తగిలాయి. నేను గుద్దినవే. తిన్నగా ఉందని స్కేలు ఆనించి చూపించిన ఫ్రేమే అది.

బిళ్లను ఆ వంగిన నడుముకూ కింది ఇనుప పలకకూ మధ్య దూర్చాను. అది వెళ్లి కూర్చుంది. నెట్టాల్సిన పని లేదు, ఊగులాట లేదు. పైనా కిందా వెలుతురు లేదు. పెట్టె మీద దాని మూత కూర్చున్నట్టు కూర్చుంది. చుక్కల కింద ఆ బిళ్ల మీద కూడా మూడు చిన్న బుడిపెలు ఉన్నాయని అప్పుడే చూశాను. అవి ఆ ఆదివారం పడినవే. మనిషి బొటనవేలు అలాంటి బుడిపెలు లేపలేదు.

"చూడండి సార్" అన్నాను.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మాయి కూడా దిగి వచ్చి చూసింది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. గోడ దగ్గర పలక నిలబడే ఉంది. ఈల వెయ్యలేదు, జెండా ఊపలేదు. నేల కింద నుంచి ఒక గుద్దు వచ్చింది. ఫ్రేము కింద బిళ్ల కదల్లేదు. మేనేజరు చటుక్కున లేచి నిలబడ్డాడు. అంటే ఆయనకూ వినపడింది.

"టీ తాగుదామా మాస్టారూ?" అన్నాడు.

అంతే అన్నాడు.

టీ వచ్చింది. పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, దాని మందం చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత నా లెక్క ప్రకారమే బరువైన ఫ్రేములు చేయించి గనికి పంపారు. ఆ కింద కూర్చునే మనిషి మీద ఏమీ పడలేదని విన్నాను. అది చాలు అనేవాళ్లుంటారు. కానీ డ్రాయింగు మీద నా పేరు లేదు, ఆ సోమవారం మాట వెనక్కి రాలేదు. కొన్నాళ్లకు కంపెనీ కన్వేయర్లు మానేసి సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. అమ్మాయి అద్దాల భవనంలోకి వెళ్లిపోయింది. ఇల్లు కూల్చి గుట్ట చదును చేశారు. పలక ఏమైందో చూసినవాళ్లు లేరు. వాచ్‌మన్‌ను అడిగితే, "కూలగొట్టే రోజు నేను రాకముందే లేదు సార్. పోయింది" అన్నాడు. ఎత్తుకుపోయారనలేదు. పోయింది అన్నాడు.

చందానగర్ మార్కెట్లో చాలా ఏళ్లకు ఆ అమ్మాయి కనిపించింది. జుట్టు నెరిసింది. కూరగాయల సంచి కింద పెట్టి, బాగున్నారా అని కూడా అనకుండా, "ఇంకా వినపడుతుందా సార్?" అంది. రాయదుర్గం మెట్రో దిగి అటు నడిచినప్పుడు వినపడుతుందన్నాను. ఆమె తల ఊపింది. తన ఆఫీసు ఏడో అంతస్తులో అంట, అక్కడిదాకా వస్తుందంట.

"ఆ పొద్దు నువ్వు ఒక్క మాట అనుంటే బాగుండేదమ్మా" అన్నాను.

"ఏమనేదాన్ని సార్? ఫ్రేము తిన్నగా ఉంది కదా" అంది.

నిజమే. తిన్నగా ఉంది. అందుకే అడుగుతున్నాను.

మేనేజరు ఇప్పుడు నార్సింగిలో పెద్ద అపార్టుమెంట్లో ఉంటున్నాడు. నేను వెళ్లాను. సెక్యూరిటీ వాళ్లు ఫోన్ చేస్తే, పడుకున్నారు అన్నారు. మళ్లీ వెళ్లాను. పార్కులో నడుస్తూ దొరికాడు. "ఆరోగ్యం ఎలా ఉందండీ మాస్టారూ?" అన్నాడు. లప్పం మాట ఎత్తగానే, "అవన్నీ ఇప్పుడెందుకండీ, పాత సంగతులు" అని నడక పెంచాడు. ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇప్పుడు ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. ఆయన చదువుతాడు. ఆయన పొద్దున్నే పేపరు మొదలుకొని అన్నీ చదివే మనిషి.

సార్, ఆ బిళ్ల నా బల్ల మీదే ఉంది. అవిసె నూనె వాసన ఇంకా వస్తోంది. మూడు బుడిపెలు అలాగే ఉన్నాయి. దాన్ని ఫ్రేము కింద మీ కళ్లముందే పెట్టాను. మీరు వంగి చూశారు. నేల అదిరితే లేచి నిలబడ్డారు. నేను నొక్కానని మీరు ఇంకా అనుకుంటుంటే ఆ మాట మళ్లీ నా మొహం మీద అనండి. అనుకోవడం లేదంటే, తప్పు మాట అన్నానని చెప్పండి. ఆ తర్వాత రెండో ప్రశ్న. తాళం వేసిన పెరట్లో, ముడి విప్పకుండా, ఫ్రేము వంచకుండా, ఆ ఆదివారం దెబ్బ వేసింది ఎవరు?

టీ వద్దు. జవాబు చెప్పండి.